ఒక్క ప్రశ్న పట్టుకుంటేనే కొత్త విద్య: మెదక్ రైతు మడిలో చేసుకునే పరిశోధన

పైన పెట్టిన వీడియో చూసినా, చూడకపోయినా ఈ పాఠం విడిగా చదువుకోవచ్చు. వీడియోలో చెప్పడానికి టైము సరిపోని సంగతులే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపికతో చదవండి.

ప్రకృతి వ్యవసాయం మొదలుపెట్టిన ఏ రైతు ఫోన్ తీసి చూసినా ఇరవై ముప్పై కషాయాల వీడియోలు దాచిపెట్టి ఉంటాయి. ఒకాయన జీవామృతంలో పుట్టమన్ను కలపమంటాడు. ఇంకొకాయన చేప, బెల్లం ద్రావణం కొట్టమంటాడు. మరొకరు పుల్లటి మజ్జిగ, ఇంకొకరు కోడిగుడ్డు, నిమ్మరసం. మనం ఆశ కొద్దీ అన్నీ ఒకే మడిలో, ఒకే నెలలో కొడతాం. పంట బాగా వస్తే ఏది పనిచేసిందో తెలియదు. పోతే ఏది చెడగొట్టిందో తెలియదు. పెట్టుబడి పోయింది, ఏడాది పోయింది, మనకు తెలిసిన విద్య మాత్రం నిరుడు ఎంత ఉందో అంతే ఉంది. కౌలుకు చేసే రైతు ఇలా రెండు పంటలు పోగొట్టుకుంటే మూడో పంటకు మళ్ళీ యూరియా బస్తా దగ్గరికే పోతాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు, అప్పు తీర్చాలి కదా. ప్రకృతి వ్యవసాయం వదిలేసిన రైతులను అడిగి చూడండి. ఎక్కువమంది చెప్పే మాట "అన్నీ చేసినం, ఏదీ రాలే" అనే.

అసలు లోపం ఆ "అన్నీ చేసినం" అన్న మాటలోనే ఉంది. వీడియోలో దొరికేది సమాచారం. మన నేలలో, మన నీళ్ళతో, మన చేతి పనితో పరీక్షకు నిలబడ్డ సమాచారమే జ్ఞానం అవుతుంది. మన దగ్గర, మన చుట్టుపక్కల ఈ నలభై ఏళ్ళలో వ్యవసాయంలో కొత్త జ్ఞానం ఎక్కడెక్కడ పుట్టిందో వెనక్కి తిరిగి చూస్తే, ప్రతిచోటా ఒకే తీరు కనబడుతుంది. ఎవరో ఒకరు, లేదా ఏదో ఒక సంఘం, ఒక్క ప్రశ్న పట్టుకుని కొన్ని పంటకాలాల పాటు దాన్ని వదల్లేదు. ఆ కథలు కొన్ని చెప్పి, తరువాత మన మడిలో ఎలా చేసుకోవాలో చెప్తాను.

ఎర్ర గొంగళి పురుగు నేర్పిన పాఠం

1980ల చివర్లో తెలంగాణ చెలక రైతులను ఏడిపించిన పురుగు ఇది. తొలకరి పడి ఆముదం, వేరుశనగ, పెసర, కంది మొలకెత్తి నాలుగు ఆకులు వేయగానే దండులాగా వచ్చిపడేది. ఒక చేను తిని పక్క చేనుకు నడిచి పోయేది. మళ్ళీ విత్తనం వేయాలి, దాన్నీ తినేది. దాని ఒళ్ళంతా దట్టమైన వెంట్రుకలు, పెద్ద పురుగు అయ్యాక మందు కొడితే ఒంటికి అంటదు. అప్పటిదాకా అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏ మందు కొడితే చస్తుంది?"

సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అనే సంస్థ, దానితో కలిసి పనిచేసిన స్వచ్ఛంద సంస్థలు, నూనెగింజల పరిశోధన డైరెక్టరేట్ శాస్త్రవేత్తలు, వ్యవసాయ శాఖ కలిసి ఈ ఒక్క పురుగు మీద కూర్చున్నారు. రాజమండ్రి పొగాకు పరిశోధన సంస్థకు డైరెక్టరుగా చేసిన కీటక శాస్త్రవేత్త డాక్టర్ ఎం.ఎస్. చారి లాంటి పెద్దలు ఈ పనికి దారి చూపించారు. వాళ్ళు ప్రశ్నను తిప్పి వేశారు. ఏ మందుకు చస్తుంది అని కాదు, చేనులో కనబడని మిగతా నెలలంతా ఈ పురుగు ఎక్కడ ఉంటుంది?

జవాబు నేలలో ఉంది. గట్ల వెంట, చెట్ల నీడన, మట్టి కింద కోశం కట్టుకుని పడుకుంటుంది. మొదటి మంచి వాన పడి నేల తడవగానే, ఆ తరువాతి రాత్రులలో రెక్కల పురుగులై బయటికి వస్తాయి. రెక్కల పురుగుకు వెలుతురంటే మోజు. ఆడ పురుగు ఆకు అడుగున గుడ్లను వందల లెక్కన ఒకే చోట గుంపుగా పెడుతుంది. పిల్ల పురుగులు మొదట్లో ఆ ఆకు మీదే గుంపుగా ఉంటాయి.

ఇంతే తెలిసింది. కానీ ఇంత తెలిసేసరికి చేయాల్సిన పని మొత్తం మారిపోయింది. ఎండాకాలం లోతు దుక్కి చేస్తే కోశాలు పైకి వచ్చి ఎండకు చస్తాయి, కాకులు, కొంగలు ఏరుకు తింటాయి. తొలి వాన పడ్డ రాత్రుల్లో చేన్లలో మంటలు వేస్తే, దీపపు ఎరలు పెడితే రెక్కల పురుగు గుడ్డు పెట్టకముందే అందులో పడుతుంది. గుడ్ల గుంపు ఉన్న ఆకు తుంచేస్తే ఒక్క ఆకుతో వందల పురుగులు పోతాయి. అవన్నీ తప్పించుకుని నడిచొచ్చే పురుగుకు చేను చుట్టూ కందకం తీస్తే అందులో పడుతుంది. బజారులో కొనాల్సిందేమీ లేదు.

ఇక్కడ ఇంకో సంగతి తేలింది, నా లెక్కలో అదే పెద్దది. మంట ఒక్క రైతు వేస్తే లాభం లేదు. ఊరందరి చేన్లలో లేచిన రెక్కల పురుగులు అతని ఒక్కడి మంట దగ్గరికి వస్తాయి, అన్నీ మంటలో పడవు కదా. ఊరంతా ఒకే రాత్రి వేయాలి. అంటే పురుగు గురించిన జ్ఞానంతో పాటు, ఊరిని ఎప్పుడు, ఎలా కూడగట్టాలి అనే జ్ఞానం కూడా పుట్టాలి. మొదటిది ఒక శాస్త్రవేత్త ఒంటరిగా కనిపెట్టగలడేమో. రెండోది సంఘం లేకుండా పుట్టదు.

ఈ పనిలోంచే "పురుగు మందులు లేని సస్యరక్షణ" అన్న పద్ధతి రూపం కట్టింది. ఎర్ర గొంగళి దగ్గర నేర్చుకున్న తీరునే తరువాత పత్తిలో శనగపచ్చ పురుగుకు వాడి చూశారు. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలం పునుకుల 2003లో పురుగు మందులు లేని ఊరుగా ప్రకటించుకుంది. అప్పటి వరంగల్ జిల్లా, ఇప్పటి జనగామ జిల్లా ఏనెబావి 2006లో ఊరంతా సేంద్రియం అని ప్రకటించింది. 2004-05 నుంచి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘాల ద్వారా దీన్ని ఎన్నో జిల్లాలకు తీసుకుపోయింది. ఒక్క పురుగు మీద పెట్టిన చూపు ఇంత దూరం వచ్చింది. మొదటి రోజే "వ్యవసాయం మొత్తం మారుస్తాం" అని బయలుదేరి ఉంటే ఎక్కడికీ చేరేవాళ్ళు కాదని నా నమ్మకం.

పదిహేను రోజుల నారు

రెండో కథ మన వరి రైతుకు దగ్గరిది. శ్రీ వరి పేరు వినని వాళ్ళుండరు. దాని పుట్టుక మాత్రం చాలామందికి తెలియదు.

మడగాస్కర్ దేశంలో ఫాదర్ హెన్రీ డి లౌలానీ అనే ఫ్రెంచి పాదిరీ ఉండేవాడు. వ్యవసాయం చదువుకున్న మనిషి. 1961లో ఆ దేశం వచ్చి, పేద రైతు ఏమీ కొనకుండా వరి దిగుబడి ఎట్లా పెంచుకోవాలి అన్న ఒక్క ప్రశ్న మీద ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాడు. రైతుల మడుల్లో తిరిగి ఎవరు ఏం చేస్తున్నారో చూశాడు. కొందరు దుబ్బుకు ఒక్కటే మొక్క నాటుతున్నారు. కొందరు నీళ్ళు ఎప్పుడూ నిలబెట్టకుండా ఆరుతడి ఇస్తున్నారు. అవి రాసిపెట్టుకున్నాడు. 1983లో వానలు సరిగా రాక, అదను దాటిపోతుంటే 15 రోజుల లేత నారునే నాటాల్సి వచ్చింది. అంత లేత నారు బతకదని అనుకున్నారు. బతకడం కాదు, ముదురు నారు కంటే బాగా పిలకలు వేసింది.

మన ఊళ్ళో అయితే ఏమనుకుంటాం? "ఈ ఏడు దేవుడు చల్లగా చూసిండు" అనుకుని మర్చిపోతాం. ఆయన మర్చిపోలేదు. తరువాతి పంటల్లో 12 రోజులు, 10 రోజులు, 8 రోజుల నారు కూడా నాటి చూశాడు. అనుకోకుండా జరిగినదాన్ని కావాలని మళ్ళీ చేసి చూడటం, అక్కడే కొత్త విద్య పుట్టింది. 1995లో ఆయన చనిపోయేదాకా అదే పని. 1990లో స్నేహితులతో కలిసి ఒక సంఘం పెట్టి దాన్ని రైతులకు చేర్చాడు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ నార్మన్ అప్‌హాఫ్ ఆ సంఘంతో కలిసి పనిచేస్తూ, మూడు పంటలు కళ్ళారా చూసేదాకా నమ్మలేదు. నమ్మాక దేశదేశాలూ తిప్పాడు.

మన దగ్గరికి 2003 వానాకాలంలో వచ్చింది. అప్పటి వ్యవసాయ విశ్వవిద్యాలయంలో విస్తరణ డైరెక్టరుగా ఉన్న డాక్టర్ అలపాటి సత్యనారాయణ శ్రీలంకలో చూసివచ్చి, ఉమ్మడి రాష్ట్రం జిల్లాలన్నిటిలో రైతుల పొలాల్లోనే పెట్టించాడు. ఎకరానికి 2 కిలోల విత్తనం చాలు, 8 నుంచి 12 రోజుల నారు, 25 సెంటీమీటర్ల ఎడంలో ఒక్కో మొక్క. ఇక్కడ కూడా జ్ఞానం ఆగలేదు. తాడు పట్టి గుర్తులు వేసుకుంటూ నాటడం కూలీలకు విసుగు పుట్టిస్తే, తూర్పు గోదావరి రైతు ఒకరు మడి మీద దొర్లించుకుంటూ పోతే గళ్ళు పడే రోలర్ మార్కర్ తయారుచేశాడు. పాదిరీకి తట్టంది, ప్రొఫెసర్‌కు తట్టంది మన రైతుకు తట్టింది. నాట్లప్పుడు తిప్పలుపడ్డది ఆయన కదా.

శ్రీ వరి ఇప్పుడు మన పొలాల్లో ఎందుకు తగ్గిపోయింది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. వీడరు తొక్కే కూలీలు దొరకలేదు, కాల్వ నీళ్ళు వారబందీలో వచ్చినప్పుడు వస్తాయి గానీ మనం ఆరబెట్టినప్పుడు రావు, మడి చదును సరిగా లేకపోతే లేత నారు మునిగిపోతుంది. దిగుబడి లెక్కల మీద శాస్త్రవేత్తల్లోనే గట్టి వాదనలు నడిచాయి. నాకు అనిపించేది ఏమిటంటే, విస్తీర్ణం లక్ష్యాలు వచ్చిపడ్డాక "ఎన్ని ఎకరాలు?" అన్న ప్రశ్న ముందుకొచ్చి, "ఈ మడిలో ఏ భాగం పనిచేసింది, ఏది చేయలేదు?" అన్న ప్రశ్న వెనక్కిపోయింది. లేత నారు ఒక్కటే తీసుకుని, మిగతావి మన వీలు ప్రకారం మార్చుకుని చేసుకుంటే ఏమయ్యేది? ఆ ప్రశ్న మన మెదక్ మడుల్లో ఇప్పటికీ అడగొచ్చు.

మన పాత మెదక్ జిల్లాలోనే

2016 అక్టోబరులో జిల్లాలు విడిపోకముందు పటాన్‌చెరు, జహీరాబాద్ రెండూ మెదక్ జిల్లావే. ఈ రెండు చోట్లా జరిగిన పని మనకు ఇంటి ఆస్తి లాంటిది.

పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1972లో మొదలైంది. అక్కడ నల్లరేగడిలో 1976 నుంచి ఒక పరీక్ష నడిపారు. ఒక పక్క రైతు పాత పద్ధతి, ఇంకో పక్క వాన నీరు నిలిపే ఎత్తు మడులు, కాలువలు, వానాకాలమే పంట, జొన్నలో కంది. ముప్పై ఏళ్ళు దాటిన లెక్కలో కొత్త పద్ధతి సగటున హెక్టారుకు 5 టన్నుల దాకా ఇస్తే పాత పద్ధతి 1 టన్నుకు కాస్త పైన ఇచ్చింది. అందులో రసాయన ఎరువు కూడా ఉంది, దాచిపెట్టడం ఎందుకు. కానీ ఒకటి రెండేళ్ళ లెక్క కాదు, ముప్పై ఏళ్ళ లెక్క. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే చోట గోధుమ చేనులో 1843 నుంచి ఒక పట్టీకి ఎరువు ఏదీ వేయకుండా అట్లాగే పండిస్తున్నారు, ఇప్పటికీ. పక్క పట్టీల్లో ఏం వేస్తే ఎంత వచ్చిందో చెప్పేది ఆ ఖాళీ పట్టీయే.

ఇక్రిశాట్‌లోనే డాక్టర్ ఓ.పి. రూపేలా అనే సూక్ష్మజీవుల శాస్త్రవేత్త 1999లో మనకు పనికొచ్చే పరీక్ష మొదలుపెట్టాడు. నాలుగు రకాలు పక్కపక్కనే: వరిగడ్డి కప్పి రసాయనాలు లేకుండా ఒకటి, ఇతర చెత్త, ఆకు కప్పి రసాయనాలు లేకుండా ఒకటి, మామూలు రసాయన పద్ధతి ఒకటి, రసాయనంతో పాటు గడ్డి కూడా కప్పి ఒకటి. మొదటి ఏడాది రసాయనాలు లేని రెండింటిలోనూ దిగుబడి బాగా పడిపోయింది. ఆ తరువాతి ఏళ్ళలో రసాయన పద్ధతికి సాటిగా వచ్చింది. మొదటి ఏడాదితోనే ఆపేసి ఉంటే "ప్రకృతి వ్యవసాయం పనికిరాదు" అని కాగితం రాసేవారు. మన రైతుల్లో చాలామంది సరిగ్గా అక్కడే ఆగిపోతున్నారు.

జహీరాబాద్ కథ వేరు. పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో పుట్టింది. పి.వి. సతీష్ గారు 2023లో పోయేదాకా దాన్ని నడిపించారు. ఆ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, ఎకరం రెండెకరాల ఎర్ర చెలక, బడికి పోనివారే ఎక్కువ. ఒకే చేనులో జొన్న, కొర్ర, సామ, కంది, అనుము, పుంటికూర కలిపి వేస్తారు. ఏ విత్తనం ఏ మన్నుకు, ఏ పంట పక్కన ఏది, విత్తనం బూడిదలో, వేపాకులో ఎట్లా దాచాలి, అన్నీ వాళ్ళ చేతుల్లో ఉన్నవే. వానా లేక, నీళ్ళూ పెట్టక, యాసంగి మంచుకే పండే పంటలను వాళ్ళు సత్యం పంటలు అంటారు. ఆ పేరులోనే ఎన్నో తరాల చూపు ఉంది.

సంస్థ చేసిన పని ఆ విద్యను వాళ్ళకు నేర్పడం కాదు, బయటికి తేవడం. సంఘం ఆడవాళ్ళే కెమెరా పట్టి సినిమాలు తీశారు. 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరుగుతుంది. 2019లో ఐక్యరాజ్య సమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది బీటీ పత్తి పని. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు అందరూ పొగడటమో తిట్టడమో చేస్తుంటే, వ్యవసాయ శాఖలో జాయింట్ డైరెక్టరుగా చేసి రిటైరైన డాక్టర్ అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సఖారి వరంగల్ జిల్లాలో బీటీ వేసిన రైతులనూ, వేయని రైతులనూ పంట పొడుగునా మళ్ళీ మళ్ళీ కలిసి ఖర్చు, మందులు, దిగుబడి లెక్క రాశారు. ఒక పంటతో ఆపలేదు, మూడేళ్ళు రాశారు. సంఘం మహిళలు అదే రైతుల మాటలను కెమెరాలో పట్టారు. ఆ ఫలితాల మీద ఎవరైనా వాదించుకోవచ్చు. కానీ వాదించడానికి చేతిలో ఒక లెక్క ఉంది.

చేతిలో ఉన్న విద్య మాటలోకి రావాలి

ఇక్కడ ఒక జపాన్ సంగతి చెప్పాలి, మన పనికి సంబంధం ఉంది. ఇకుజిరో నొనాకా అనే ప్రొఫెసర్ కంపెనీలు కొత్త జ్ఞానం ఎట్లా పుట్టిస్తాయో జీవితమంతా చదివాడు. ఆయన తరచూ చెప్పిన ఉదాహరణ రొట్టె మిషనుది. 1980లలో మత్సుషిత కంపెనీ ఇంట్లో రొట్టె చేసే మిషను తయారుచేస్తుంటే పిండి సరిగా కుదరడం లేదు, పైన మాడిపోతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. ఒక మహిళా ఇంజినీరు ఒసాకాలో పేరున్న హోటల్ వంటవాడి దగ్గర శిష్యురాలిగా చేరింది. ఆయన పిండి ఎట్లా పిసుకుతున్నాడో ఆయనే చెప్పలేడు. చూసి చూసి, తనూ పిసికి పిసికి, చివరికి ఆమె ఒక మాట పట్టుకుంది: ఆయన పిండిని పిసకడమే కాదు, సాగదీస్తూ మెలిపెడుతున్నాడు. ఆ మాట దొరికాక ఇంజినీర్లు మిషను లోపల దానికి తగ్గట్టు మార్పులు చేశారు, మిషను కుదిరింది.

మన ఊళ్ళో జీవామృతం బాగా చేసే పెద్దాయనను అడిగి చూడండి. 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మన్ను, ఇంతవరకు అందరూ ఒకటే చెప్తారు. "ఎప్పుడు అయిందని తెలుస్తది?" అంటే "వాసన చూస్తె తెలుస్తది బిడ్డా" అంటాడు. ఆ వాసన ఏమిటి? పుల్లగానా, కల్లు వాసనా, మురుగా? నురగ ఎప్పుడు తగ్గుతుంది? చలికాలం ఎన్ని రోజులు, ఎండాకాలం ఎన్ని రోజులు? ఆయన పక్కన పది సార్లు నిలబడి, మనమూ కలిపి, ఆ వాసనకు ఒక మాట పెట్టగలిగితే అది ఊరందరిదీ అవుతుంది. లేకపోతే ఆయనతోనే పోతుంది. వీడియోలో వాసన రాదు కదా.

ఇక మన మడిలో

మెదక్ చుట్టుపక్కల, మంజీరా మీద ఘనపూర్ ఆనకట్ట కింద మహబూబ్ నహర్, ఫతే నహర్ కాల్వల ఆయకట్టులో, బోర్ల కింద, ఎక్కడ చూసినా వరే. కాబట్టి వరి ప్రశ్నే తీసుకుందాం. ప్రకృతి వ్యవసాయంలోకి రావాలనుకునే ప్రతి వరి రైతుకూ ఉండే భయం ఇది: యూరియా మానేస్తే మొదటి ఏడాది ఎంత తగ్గుతుంది, జీలుగ దున్నితే అందులో ఎంత పూడుతుంది? ఇది మంచి ప్రశ్న. ఎందుకంటే జవాబు కిలోల్లో వస్తుంది. "మంచి పంట ఎట్లా తీయాలి" అన్నది ప్రశ్న కాదు, కోరిక.

మీ ఎకరం మొత్తం పణం పెట్టొద్దు. గుంట అంటే 121 చదరపు గజాలు, ఎకరంలో నలభయ్యో వంతు. ఆరు గుంటలు చాలు. మూడింటిలో యూరియా లేకుండా జీలుగ, మూడింటిలో యూరియా లేదు, జీలుగా లేదు. మిగతా 34 గుంటలు మీరు ఎప్పుడూ చేసేటట్టే చేయండి, పోల్చడానికి అదే ఉంటుంది. ఎకరానికి 20 క్వింటాళ్ళు పండే మడిలో గుంటకు 50 కిలోలు. పరీక్షలో ఆరు గుంటలూ సగానికి సగం పడిపోయినా మీకు పోయేది 150 కిలోల వడ్లు. తెలిసేదానికి ఆ ధర ఎక్కువ కాదు. కౌలు రైతు కూడా తట్టుకోగలడు.

ఒక గుంట ఇటు, ఒక గుంట అటు కాకుండా మూడు మూడు ఎందుకు అంటారా? కాల్వ మోరీ పక్కన నీళ్ళు ఎక్కువ, దిగువన ఒండ్రు ఎక్కువ, పశువులు కట్టేసిన మూల ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. జీలుగ ఆ మూలలో వేసి "చూశారా" అంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఆరు గుంటలకూ నంబర్లు వేసి, చీటీలు రాసి, ఇంట్లో చిన్నపిల్లతో తీయించండి. ఏ నంబరు వస్తే అక్కడ జీలుగ. ఆషామాషీగా కనిపిస్తుంది గానీ, 1919లో రోథమ్‌స్టెడ్‌లో చేరిన ఫిషర్ అనే గణిత శాస్త్రవేత్త ప్రపంచంలోని పొలం పరీక్షలన్నిటికీ నేర్పిన సూత్రం ఇదే. ఒక గుంట నీళ్ళు ఇంకో గుంటలోకి పోకుండా మధ్యన గట్టు గట్టిగా వేయండి, నీళ్ళు దేనికది పెట్టండి. లేకపోతే జీలుగ సారం పక్క మడికి పోయి లెక్క చెడిపోతుంది.

జీలుగ ఎకరానికి 10 నుంచి 12 కిలోల లెక్కన చల్లి, పూత దశలో, అంటే సుమారు 45 రోజులకు కలియదున్నాలి. ఆ తేదీ రాసుకోండి. నిజానికి ఈ పనంతటిలో కష్టమైనది జీలుగ దున్నడం కాదు, రాసుకోవడం. వంద పేజీల నోట్‌బుక్ ఒకటి పెట్టి, మొదటి పేజీలో ప్రశ్న రాయండి. దాని కింద మీ అంచనా రాయండి: "జీలుగ వేసిన చోట గుంటకు 5 కిలోలు ఎక్కువ వస్తాయి అనుకుంటున్నా." ముందే రాస్తే తరువాత "నేను అనుకున్నట్టే అయింది" అని తప్పించుకోలేం. ఆ తరువాత ఏ రోజు పని ఆ రోజు: కూలీలు ఎంతమంది, రూపాయలు ఎన్ని, వాన పడిందా, పురుగు కనబడిందా. నాటిన నెలకు ప్రతి గుంటలో పది దుబ్బులు చూసి పిలకలు లెక్కపెట్టండి, బాగున్న దుబ్బులు ఏరుకోకుండా అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి ఏది వస్తే అది.

కోతప్పుడు గట్టు పక్క వరసలు వదిలేయండి, అక్కడ వెలుతురు ఎక్కువ కాబట్టి పంట మోసం చేస్తుంది. గుంట నడిమధ్యలో 5 మీటర్లు పొడవు, 5 మీటర్లు వెడల్పు కొలిచి నాలుగు కర్రలు పాతి, అంతవరకే విడిగా కోసి, నూర్చి, ఎండబెట్టి, తూర్పారబట్టి తూకం వేయండి. వచ్చిన కిలోలను 162తో గుణిస్తే ఎకరం దిగుబడి వస్తుంది. మామూలు మడిలో కూడా మూడు చోట్ల ఇదే కొలతతో కోయాలి. ఈ పని హార్వెస్టర్ రాకముందు జరగాలి. మిషను వచ్చిందంటే అన్నీ ఒక్క కుప్ప అయిపోతాయి, ఏడాది లెక్క ఆ కుప్పలో కలిసిపోతుంది.

ఒక్కరు చేస్తే మీ మడి సంగతి మీకు తెలుస్తుంది. ఎనిమిది, పది మంది ఒకే ప్రశ్న, ఒకే కొలతలతో చేస్తే ఊరి సంగతి తెలుస్తుంది. ఎర్ర గొంగళి మంటలు ఊరంతా వేసినట్టే. పదిహేను రోజులకొకసారి ఒకరి మడి దగ్గర అందరూ కలవండి, ఇంట్లో కాదు, గట్టు మీదే. యూరియా వేసే రైతును ఒకరిద్దరిని తప్పకుండా పిలవండి. మనం చూడనిది వాళ్ళు చూస్తారు, గట్టిగా అడుగుతారు. "మీ మడికి నీళ్ళు ముందుగ వచ్చినయ్ కదనే" అని ఒకాయన అంటే కోపం తెచ్చుకోకుండా అది కూడా నోట్‌బుక్‌లో రాయాలి. కౌడిపల్లి మండలం తునికిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పది మంది నోట్‌బుక్‌లు పట్టుకుని పోతే శాస్త్రవేత్తలు కూర్చోబెట్టి మాట్లాడతారు. ఉత్త చేతులతో పోతే ఒక కరపత్రం ఇచ్చి పంపుతారు, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. పరీక్ష మొదట్లో ఒకసారి, మూడో ఏడాది చివర ఒకసారి అవే గుంటల మట్టి తీసి సేంద్రియ కర్బనం చూపించుకోండి. ఒక్క ఏడాదిలో అది పెద్దగా కదలదు.

ఫలితం మీ అంచనాకు ఎదురు వచ్చిందనుకోండి. జీలుగ వేసిన చోట ఏమీ ఎక్కువ రాలేదు. ఆ పేజీ చింపొద్దు, వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా దాచొద్దు. విత్తనం పలచగా పడిందా, దున్నిన తరువాత మురగడానికి నీళ్ళు నిలిచాయా, దున్నాక ఎన్ని రోజులకు నాటారు, చవుడు ఉందా? రెండో ఏడాది ప్రశ్న అందులోంచే వస్తుంది. రూపేలా గారి మొదటి ఏడాది గుర్తు పెట్టుకుని, అవే గుంటల్లో, అవే చీటీల ప్రకారం కనీసం మూడు వానాకాలాలు చేయండి. గుంటలు మారిస్తే మళ్ళీ మొదటికి వస్తుంది.

ఒక హెచ్చరిక. ఈ మూడేళ్ళూ ఆ ఆరు గుంటల్లో వేరే ఏ కొత్త కషాయమూ కొట్టొద్దు. ఎంత మంచి వీడియో వచ్చినా సరే, మా వీడియో అయినా సరే. కొట్టాలనిపిస్తే మిగతా 34 గుంటల్లో ఒక మూల కొట్టుకోండి, దానికి వేరే పేజీ పెట్టండి.

తొలకరికి ముందే గట్లు వేసి, నంబరు కర్రలు పాతి, చీటీలు తీసిన రోజు ఒక ఫోటో, నోట్‌బుక్ మొదటి పేజీ ఒక ఫోటో తీసి మాకు పంపండి. ఒకే ప్రశ్న రాసిన రైతులను మండలాల వారీగా కలుపుతాం. కోత కొలతలు ఎట్లా తీయాలో, కర్రలు, తాడు, కాటాతో మడిలోనే చూపించే వీడియో వరి పాలు పోసుకునే లోపు పెడతాం.